తెల్ల దొరతనం పాటతో పాటు నల్ల దొరతనం పాట కూడా పాడించండి: విశాఖ సాహితీ సంస్థల పెద్దలకు బహిరంగ లేఖ

పెద్దలకు నమస్కారం.

చలికాలం మొదలైందంటే మన ఊళ్ళో సభల కాలం మొదలైనట్టే. ఫోన్‌లో రోజుకో ఆహ్వాన పత్రిక వచ్చి పడుతుంది. ఈసారి మీలో కొందరు కలిసి వలస పాలన మీద, జాతి వివక్ష మీద వచ్చిన కవిత్వం గురించి ఒక పూట సభ పెట్టాలనుకుంటున్నారని తెలిసింది. సంతోషమేసింది. దాని వెనకే కొంచెం బెంగ కూడా పుట్టింది. ఒక్కరికే విడిగా రాస్తే మిగతావాళ్ళు నొచ్చుకుంటారు కాబట్టి అందరికీ కలిపి బహిరంగంగానే రాస్తున్నాను. సంస్థల పేర్లు రాయను. ఎవరికి తగిలితే వాళ్ళు తీసుకోండి.

బెంగ ఎందుకంటే, ఇలాంటి సభలు మన దగ్గర రెండే రకాలుగా జరుగుతుంటాయి. ఒకటి పంద్రాగస్టు రకం. తెల్లవాడు మన సంపదంతా దోచుకుపోయాడు, కోహినూరు పట్టుకుపోయాడు, మనం తరిమికొట్టాం, చప్పట్లు. రెండోది అమెరికా రకం. 2020 మే నెలలో మినియాపోలిస్‌లో ఒక తెల్ల పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు ఆనించి తొమ్మిది నిమిషాలకు పైగా నొక్కి చంపినప్పుడు, లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్న మన కవులందరికీ ఒక్కసారే ఊపిరాడలేదు. ఆ వారం వచ్చిన కవితల్లో కొన్ని మంచివే, కాదనను. కానీ ఈ రెండు రకాల్లోనూ ముద్దాయి సభలో ఉండడు. ఒకచోట వాడు దేశం విడిచిపోయి డెబ్భై అయిదేళ్ళు దాటింది. రెండోచోట సముద్రాల అవతల ఉన్నాడు. కుర్చీల్లో కూర్చున్న మనలో ఎవరికీ చెమట పట్టదు. టీ తాగి, ఫొటో దిగి ఇంటికెళ్ళిపోతాం.

జాతి అన్యాయం మీద, వలస పాలన మీద వచ్చి ఇన్నాళ్ళు నిలిచిన కవిత్వంలో నేను చదివిన మంచిదేదీ పరాయివాణ్ణి తిట్టి ఊరుకోలేదు. అది వాడి దస్తావేజులు తిరగేసింది. ఆ వెంటనే సొంత ఇంటి తలుపు కూడా తీసి చూసింది. అలాంటి కవిత్వం తెలుగులో వందేళ్ళ కిందటే వచ్చింది. మీ సభలో అది వినిపించాలన్నదే నా కోరిక.

నేను కవిని కాను. హార్బర్‌లో ఒక క్లియరింగ్ ఏజెంట్ దగ్గర గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాను. బిల్ ఆఫ్ లేడింగ్ అనే సరుకు రసీదులు, మేనిఫెస్టు అనే ఓడ సరుకు పట్టికలు, సరుకు తడిసిందని, తగ్గిందని వచ్చే ఇన్సూరెన్స్ క్లెయిములు, సర్వేయర్ రిపోర్టులు, ఇవే నా చదువు. కవిత్వం రాత్రిపూట వ్యవహారం. పగలూ రాత్రీ ఒకే పుస్తకంలో కలిసి కనబడింది నాకు ఒక్కసారే. ఆ పుస్తకం పేరు ‘జాంగ్!’. టొబాగో దీవిలో పుట్టి టొరంటోలో లాయరుగా పనిచేసిన ఎం. నోర్బీసీ ఫిలిప్ అనే నల్ల కవయిత్రి రాసింది. 2008లో వచ్చింది. దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టండి.

1781లో జాంగ్ అనే ఓడ ఆఫ్రికా పడమటి తీరం నుంచి 440 మందికి పైగా బానిసలను ఎక్కించుకుని జమైకాకు బయల్దేరింది. ఓనర్లు లివర్‌పూల్ వర్తకులు. ఓడ పట్టగలిగిన దానికంటే మనుషుల్ని చాలా ఎక్కువ కుక్కారు. దారిలో జబ్బులు, చావులు. జమైకా దగ్గరికి వచ్చి కూడా లెక్క తప్పి దాటిపోయారు. మంచినీళ్ళు చాలవన్నారు. నవంబరు ఆఖర్లో మొదలుపెట్టి కొద్ది రోజుల్లో 130 మందికి పైగా మనుషుల్ని బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. ఓనర్లు తర్వాత తీరిగ్గా ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టారు, తలకి 30 పౌండ్లు. బీమా చేసినవాళ్ళు మేం ఇవ్వం పొమ్మన్నారు. 1783లో లండన్‌లో కోర్టుకెక్కారు. అది హత్య కేసు కాదు, సరుకు నష్టం కేసు.

ఇక్కడ గుమాస్తాగా ఒక మాట చెప్పాలి. సరుకు తన స్వభావం వల్ల తానే పాడైతే క్లెయిమ్ రాదు. పండు కుళ్ళిపోతే అది మీ ఖర్మ. అదే, మునిగిపోతున్న ఓడని నిలబెట్టడానికి కావాలని సరుకు విసిరేస్తే ఆ నష్టం వసూలవుతుంది. ఈ రెండు సూత్రాలూ ఇవాళ్టి పాలసీల్లో కూడా ఉన్నాయి, వాటి మీద నేను ఎన్నో ఉత్తరాలు టైపు చేశాను. జాంగ్ ఓడలో జబ్బు చేసి చచ్చిపోయిన మనిషికి పైసా రాదు. బతికుండగా తోసేస్తే ముప్పై పౌండ్లు. ఈ లెక్క తెలిసినవాడికి, ఆ ఓడలో నీళ్ళు నిజంగానే అయిపోయాయా అన్న ప్రశ్న వేరే అడగక్కర్లేదు. జ్యూరీ మొదట ఓనర్ల పక్షానే తీర్పిచ్చింది. గుర్రాల్ని విసిరేసినా కేసు ఇదే కదా అనుకుందని, రెండోసారి విన్న ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డే అన్నాడు. మళ్ళీ విచారణ జరపమన్నాడు. అది జరిగినట్టు దాఖలాల్లేవు.

ఆ కేసు రిపోర్టు రెండు పేజీలు. ఫిలిప్ ఏం చేసిందంటే, ఆ రెండు పేజీల్లో ఉన్న మాటల్నే తీసుకుని పుస్తకం రాసింది. బయటి నుంచి కోపం తెచ్చుకోలేదు, ఉపమానాలు తెచ్చుకోలేదు. మాటల్ని ముక్కలు చేసి పేజీ మీద చెల్లాచెదురుగా వదిలేసింది. మొదటి పేజీలో నీళ్ళు అన్న మాట పూర్తిగా రాదు, అక్షరం అక్షరం నత్తుతూ వస్తుంది, దాహంతో నాలుక పిడచకట్టిన మనిషి అడుగుతున్నట్టు. పైకి చదవబోతే మనకే గొంతు ఆగిపోతుంది. పేజీ అడుగున, మామూలుగా ఫుట్‌నోట్లు ఉండేచోట, వరసగా పేర్లుంటాయి. కోర్టు కాగితంలో పోయినవాళ్ళ పేరు ఒక్కటి కూడా లేదు. ఆవిడే పెట్టింది. నా సర్వీసంతా మేనిఫెస్టుల్లో మార్కులు, నంబర్లు సరిచూసినవాణ్ణి. ఆ పేర్ల దగ్గర పుస్తకం మూసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

ఇది ఎక్కడో అట్లాంటిక్ కథ, మనకెందుకు అంటారా? బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చట్టం 1834లో అమల్లోకి వచ్చింది. చెరకు తోటలు మాత్రం ఆగవు కదా. చేతులు కావాలి. ఆ ఏడాది నుంచే మారిషస్‌కి మనవాళ్ళ ఓడలు మొదలయ్యాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 342 మంది కూలీలు, అందులో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. డర్బన్ ఉన్న ఆ నేటాల్‌ ప్రాంతానికి వెళ్ళిన ఓడల పట్టికలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక నంబరు. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. జిల్లా గడిలో విజగపటం, గంజాం అని మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. జాంగ్ ఓడ వాళ్ళకి లేనిది మన కూలీలకు ఉంది: పేరు. ఎడమ మోచేతి మీద మచ్చ అని రాసుకున్న గుమాస్తా, ఆ కూలీ చేత నెలకి ఎన్ని రూపాయలకి ఎన్నేళ్ళ కాగితం మీద వేలిముద్ర వేయించారో కూడా రాసే ఉంటాడు. ఈ పట్టికల్ని వేదిక మీద మామూలు గొంతుతో, రాగం లేకుండా, ఒక పది నిమిషాలు చదివించి చూడండి. మధ్యలో వ్యాఖ్యానం వద్దు. ఆ పట్టికే కవిత్వమని నేననను. ఆ మీద వచ్చే కవి మాత్రం జాగ్రత్తగా రాయాల్సొస్తుంది.

రంగం, అంటే బర్మాలోని రంగూన్, సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఉత్తరాంధ్రలో పాత ఇళ్ళల్లో ఎవరో ఒకరు రంగం వెళ్ళినవాళ్ళు ఉంటారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, మన రేవులోనో భీమిలిలోనో స్టీమరు డెక్కు మీద కూర్చుని వెళ్ళినవాళ్ళే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తెగగానే బర్మావాళ్ళని పొమ్మన్నాయి. ఆ మంట తెలుగువాళ్ళ మీదికి తిరిగింది. చాలామంది పోయారు. చంపినవాడూ కూలీయే, చచ్చినవాడూ కూలీయే. కూలి పెంచనివాడి ఒంటి మీద గీత పడలేదు. మన ఊరి కుర్రాడు శ్రీశ్రీ వయసు అప్పటికి ఇరవై. ప్రభువెక్కిన పల్లకి కాదోయ్, అది మోసిన బోయీలెవ్వరు అని ఆయన తర్వాత అడిగిన ప్రశ్నని మనం సభల్లో తాజమహల్ దగ్గరే ఆపేస్తాం. రంగూన్ రేవు దాకా ఎవరూ తీసుకెళ్ళరు.

ఇంక మన పాతనగరం. నాకు దాని మీద కొంచెం పక్షపాతం, ఆఫీసు అటే కాబట్టి. విక్టోరియా రాణి విగ్రహం వన్‌టౌన్‌లో ఇంకా నిలబడే ఉంది. సోల్జర్‌పేట ఉంది. టౌన్ హాలుంది. దొరల పాత శ్మశానం ఉంది. 1780 అక్టోబరులో, హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్ళే ఓడ ఎక్కమంటే ఇక్కడి సిపాయిలు మేం ఎక్కం అన్నారు, తుపాకులు అధికారుల మీదికే తిప్పారు. 1857కి 77 ఏళ్ళ ముందు మాట. ఆ తిరుగుబాటులో పోయిన దొరలకు స్మారకం ఉంది. సిపాయిలకు లేదు. దీని మీద ఎవరో కవిత రాస్తే ఇలా మొదలుపెడతారని నాకు తెలుసు: విగ్రహం కూల్చండి, సమాధులు పెకలించండి.

అలా రాసే ముందు డెరెక్ వాల్కాట్‌ని చదవమని నా మనవి. సెయింట్ లూసియా దీవివాడు, 1992లో నోబెల్ వచ్చింది. ఆయన కవిత ఒకటుంది, శిథిలమైన ఒక తోట దొర భవంతిలో తిరుగుతూ రాసింది. నిమ్మచెట్ల కుళ్ళు వాసన మధ్య నడుస్తాడు. ఇక్కడి మట్టిలో బానిసలు కుళ్ళిపోయి ఉంటారని కోపం రగులుతుంది. మండిపోతుండగానే ఒక సంగతి గుర్తొస్తుంది, ఈ ఇంగ్లండు కూడా ఒకప్పుడు ఇంకొకడి వలసేనని. కోపం పోదు, కానీ దాని పక్కన జాలి కూడా వచ్చి కూర్చుంటుంది. తన మనసు అనుకున్న చోటికి కాక వేరే చోటికి వచ్చి చేరిందని ఆయన దాచకుండా ఒప్పుకుంటాడు. ఆ నిజాయితీ వల్లే ఆ కోపాన్ని నమ్ముతాం. ఇంకో కవితలో, కెన్యాలో తెల్లవాళ్ళ పాలన మీద మౌమౌ తిరుగుబాటు రోజుల్లో, నల్ల రక్తం తెల్ల రక్తం రెండూ తన ఒంట్లో ఉన్నవాడు ఎటు తిరగాలి అని అడుగుతాడు. దొరని శపిస్తూ, ఆ దొర నేర్పిన ఇంగ్లిష్‌నే ప్రేమించినవాడి ఇరకాటం అది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో పుట్టి, కాన్వెంటులో చదివి, 1933లో వైస్రాయి తెరిచిన హార్బర్‌లో ఉద్యోగం చేసిన నాలాంటివాడికి ఆ ఇరకాటం కొత్తేం కాదు. ఆ హార్బరు కట్టింది మధ్య పరగణాల మాంగనీసు తోలుకుపోవడానికి. నా పిల్లల ఫీజులు కట్టింది కూడా ఆ హార్బరే. ఈ రెండో వాక్యం మన వలస వ్యతిరేక కవిత్వంలో ఎక్కడా కనపడదు.

చిన్న కవితలు కూడా పెట్టండి. కౌంటీ కలెన్ అనే నల్ల కవిది ఒకటుంది, పన్నెండే పాదాలు, 1925 నాటిది. ఎనిమిదేళ్ళ కుర్రాడు సంబరంగా బాల్టిమోర్ నగరం చూడబోతాడు. తన ఈడు తెల్ల పిల్లాడు ఒకడు కనపడతాడు. వీడు నవ్వుతాడు. వాడు నాలుక బయటపెట్టి ఒక తిట్టు తిడతాడు. మే నుంచి డిసెంబరు దాకా ఆ ఊళ్ళోనే ఉన్నా, అక్కడ జరిగినవాటిలో గుర్తున్నది అదొక్కటే, అంటాడు కవి. అంతే. వివరణ లేదు, ఆవేశం లేదు. అరకు నుంచో జి. మాడుగుల నుంచో మన ఊరికి ఇంటర్ చదవడానికొచ్చే పిల్లలకి హాస్టల్లో మొదటి రోజు ఏం వినపడుతుందో మీకు తెలుసు. బీచ్ చూశారు, కైలాసగిరి చూశారు, సబ్‌మెరైన్ చూశారు. ఏం గుర్తుంది అని వాళ్ళనొకసారి అడగండి.

ఇంగ్లిష్ కవి కిప్లింగ్‌ని కూడా ఒక్క నిమిషం చదవండి. అమెరికా ఫిలిప్పీన్స్‌ని మింగుతున్న 1899లో, తెల్లవాడి బరువు అంటూ పాట కట్టాడు. దొరతనానికి కూడా కవులుండేవారని కుర్రకారుకి తెలియాలి. అంతకంటే ఎక్కువ సమయం ఇవ్వక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను.

గరిమెళ్ళ సత్యనారాయణ మనవాడు, సిక్కోలు మట్టి. మాకొద్దీ తెల్ల దొరతనము అని ఆయన కట్టిన పాట సహాయ నిరాకరణ రోజుల్లో ఊరూరా మారుమోగింది. ఆ పాటకే జైలుకెళ్ళాడు. పన్నెండు దేశాలు పండుచున్నా గాని పట్టెడన్నమె లోపమండి అంటాడు, ఉప్పు ముట్టుకుంటే దోషమండి అంటాడు. గమనించండి, తెల్లతోలు గురించి కాదు ఆయన గొడవ. కంచంలో అన్నం, వేలికి తగిలే ఉప్పు. వలస పాలన అంటే ఏమిటో పొలంలో ఉన్నవాడికి అర్థమయ్యేలా చెప్పాడు కాబట్టే సర్కారు భయపడింది. ఈ పాట మీరు ప్రతి ఏడూ పాడిస్తారు. మంచిదే.

అదే రోజుల్లో రాజమండ్రిలో కుసుమ ధర్మన్న అనే దళిత కవి ఆ పాటకు ఎదురు పాట కట్టాడు: మాకొద్దీ నల్ల దొరతనము. తెల్లదొర పోవాలి సరే, మమ్మల్ని బావి దగ్గరికి రానివ్వని, గుడి మెట్లెక్కనివ్వని మీ దొరతనం సంగతేమిటి అన్నాడు. స్వరాజ్యం మీద ఇంకా చాలామంది అనుమానం పడని కాలంలో వేసిన ప్రశ్న అది. ఈ రెండు పాటల్నీ ఒకే వేదిక మీద, ఒకదాని వెనక ఒకటి, ఒకే గొంతుతో పాడించగా నేను ఈ ఊళ్ళో ఎక్కడా వినలేదు. మొదటి పాట స్వాతంత్ర్య దినోత్సవ సభలో వినిపిస్తుంది. రెండోది ఏప్రిల్ పద్నాలుగు సభలో, అదీ వేరే వీధిలో, వేరే శ్రోతల ముందు. పాటలకు కూడా పేటలు వేరు చేశాం మనం.

మీలో ఒక పెద్దాయన నాతో ఆ మధ్య అన్నారు, జాతి వేరు కులం వేరు, రెండూ కలిపి గందరగోళం చెయ్యకండి అని. వేరే, ఒప్పుకుంటాను. అమెరికాలో రంగు చూసి తెలుస్తుంది, ఇక్కడ ఇంటిపేరు అడిగి తెలుసుకుంటారు. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది నేను కాదు. 1946లో అంబేడ్కర్ అమెరికాలోని నల్ల మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాసి, నీగ్రోల స్థితికీ అంటరానివాళ్ళ స్థితికీ ఇంత పోలిక ఉంది కాబట్టి వాళ్ళ గురించి చదవడం మాకు అవసరం అన్నాడు, ఐక్యరాజ్యసమితికి వాళ్ళిచ్చిన అర్జీ నకలు పంపమన్నాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు అమెరికా నల్లవాళ్ళ ఉద్యమ సంస్థ బ్లాక్ పాంథర్స్‌ని చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు, వాళ్ళల్లో చాలామంది కవులే. కారంచేడు, చుండూరు దళిత ఊచకోతల తర్వాత తెలుగులో దళిత కవిత్వం గొంతు ఎలా మారిందో 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనం చూస్తే తెలుస్తుంది.

పోలిక కథల్లోనే కాదు, పనితనంలో కూడా ఉంది, అది నాకు ఇంకా ఇష్టం. జమైకాలో పుట్టిన క్లాడ్ మెకే 1919లో, అమెరికా నగరాల్లో తెల్లమూకలు నల్లవాళ్ళ మీద పడి చంపుతున్న వేసవిలో, చావక తప్పకపోతే పందుల్లా చావొద్దు అని పద్నాలుగు పాదాల పద్యం రాశాడు. షేక్‌స్పియర్ వాడిన ఆ సానెట్ చట్రంలోనే, ఒక్క పాదం తప్పకుండా. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాశాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురంపాడు. అంటరానివాడైన జాషువా నాయకుడికి మేఘం దాకా ఎందుకు, గుళ్ళోకే అడుగుపెట్టే హక్కు లేదు. గబ్బిలానికి ఉంది. అది శివుడి చెవి దగ్గర తలకిందులుగా వేలాడగలదు. అందుకని దానితో కబురంపాడు. అదీ చక్కటి పద్యంలో, ఛందస్సు మా సొత్తు అనుకునేవాళ్ళు తప్పు పట్టలేనంత శుద్ధంగా. ఏ ఇంట్లోకి రానివ్వరో ఆ ఇంటి నగలే పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు ఇద్దరూ. ఒకరి పేరు ఒకరు వినే ఉండరు. వీళ్ళిద్దరి మీదా ఒక గంట మాట్లాడగలిగిన మాస్టార్లు ఈ ఊళ్ళో ఉన్నారు. పిలవండి.

గురజాడని మర్చిపోయాననుకోకండి. దేశమంటే మట్టి కాదోయి అన్నది అందరూ అంటారు. మంచి చెడ్డలు మనుజులందున ఎంచి చూడగ రెండె కులములు అన్నది అదే కలం. ఈ రెండో కవిత పూర్తిగా చదివించండి, చివరి దాకా. బీచ్ రోడ్డులో విగ్రహానికి దండ వెయ్యడం కంటే అది కష్టమేమీ కాదు.

వలస పాలన వారసత్వం అంటే విగ్రహాలు, శ్మశానాలు, ఇంగ్లిష్ ఒక్కటే కాదు. కాగితాలు. 1871లో నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేశారు. కొన్ని కులాల్లో పుట్టడమే నేరం. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి తెచ్చారు. మన ఎరుకలవాళ్ళని బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో కూడేసి, కాపలా పెట్టి, హాజరు పట్టీ రాశారు. చట్టం 1952లో రద్దయింది. దొంగల ఊరు అన్న పేరు రద్దవలేదు. సినిమాలు ఆ పేరు మీద ఇంకా డబ్బులు చేసుకుంటున్నాయి. అలాగే 1882 అడవి చట్టం. పోడు మానమన్నారు, పుల్ల ఏరితే జరిమానా అన్నారు, ఘాట్ రోడ్డు పనికి కూలి ఎగ్గొట్టారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దళం పడడానికి వెనక ఉన్నవి ఇవే. ఆయన మీద మనకు పద్యాలున్నాయి, బుర్రకథలున్నాయి, సినిమా పాటలున్నాయి. ఆయన వెంట నడిచిన గామ్ గంటందొర, గామ్ మల్లుదొరల మీద ఎన్ని ఉన్నాయి? వాళ్ళ మనవలు పోడు పట్టా కోసం ఇప్పటికీ తిరిగే ఆఫీసుల మీద ఎన్ని ఉన్నాయి? దొర దిగిపోయినా ఫైలు దిగలేదు. ఆ ఫైల్ మీద ఇప్పుడున్న సంతకం మన ఇంటిపేర్లతోనే ఉంటుంది. దాని మీద రాసే కవి ముద్దాయి కోసం లండన్ దాకా పోనక్కర్లేదు.

వలస పాలన మీద సభ విశాఖలో పెడుతూ ఏజెన్సీ నుంచి ఒక్కరినీ పిలవకపోతే మాత్రం బాగుండదు. పిలిచి, ధింసా ఆడించి, ఫొటోలు తీసి, కవిత్వానికి మాత్రం మనమే కూర్చోవడం అంతకంటే బాగుండదు. కువి, ఆదివాసీ ఒడియా అనే అక్కడి భాషల్లో పాటలు కట్టేవాళ్ళున్నారు, తెలుగులో రాసే టీచర్లున్నారు. వాళ్ళ భాషలో ముందు పాడనివ్వండి, మనకి అర్థం కాకుండానే కాసేపు కూర్చుందాం. తర్వాత తెలుగులో చెప్పమనండి. మంత్రిగారి కోసం గంట ఆగి, కవులకు తలా మూడు నిమిషాలిచ్చే పద్ధతి ఈ ఒక్క సభకైనా పక్కన పెట్టండి. శాలువాల డబ్బుతో వాళ్ళ బస్సు చార్జీలు, భోజనాలు అయిపోతాయి.

చోటు కూడా బీచ్ రోడ్డు ఏసీ హాలు వద్దు. పాతనగరంలో పెట్టండి. రేవు కూలీల పిల్లలు, మనవలు అక్కడే ఉన్నారు, పిలవకపోయినా వస్తారు. ఓడ పట్టికలు చదవాలనుకుంటే కాగితాలు నేను తెచ్చిస్తాను, చదివే గొంతు మాత్రం కుర్రవాళ్ళది వెతకండి. గరిమెళ్ళ పాట బాణీ తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ధర్మన్న పాట అదే బాణీలో కూర్చుంటుంది, నేను పాడుకుని చూశాను, పెద్ద ఇబ్బంది లేదు.

తేదీ సంక్రాంతి దాటాక పెట్టుకోండి, పండక్కి ఎవరూ ఊళ్ళో ఉండరు. ఆదివారం పొద్దున్నే మొదలుపెడితే మంచిది. సాయంత్రం పెడితే పాడేరు, అరకు నుంచి వచ్చినవాళ్ళు రాత్రి బస్సు కోసం సగంలో లేచిపోవాల్సొస్తుంది. వాళ్ళ పేర్లు కార్యక్రమంలో చివర కాకుండా మొదట వెయ్యండి.

ఇట్లు,
మీ సభల్లో వెనక వరసలో కూర్చునే ఒక పాఠకుడు,
విశాఖపట్నం